ఇన్యో కౌంటీలో నాలుగు రోజులు: పెద్దవాళ్లతో వెళ్తుంటే ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. అక్టోబరు మొదటి వారంలో అమ్మానాన్నలతో లాస్ ఏంజెలెస్ నుంచి బయలుదేరి నాలుగు రోజులు తూర్పు కాలిఫోర్నియాలోని ఇన్యో కౌంటీలో తిరగాలనుకుంటున్నారు. మూడు రోజులు డెత్ వ్యాలీ అనే ఎడారి లోయకి, ఒక రోజు మౌంట్ విట్నీ శిఖరానికి అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీస్ అమెరికన్లను బంధించిన మంజనార్ శిబిరం దారిలోనే ఉంది కాబట్టి అరగంట ఆగితే సరిపోతుందా అని అడిగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులని కూడా రాశారు.

అరగంట సరిపోదు. డెత్ వ్యాలీకి మూడు రోజులు మాత్రం ఎక్కువ, అందులోనూ అక్టోబరు మొదట్లో. గత పద్దెనిమిదేళ్లలో ఆ కౌంటీకి చాలాసార్లు వెళ్లాను. మా అమ్మానాన్నలను రెండుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి సరిగ్గా మీరు వేసుకున్న ప్రణాళికే వేసుకున్నాను, రెండోసారి దాన్ని పూర్తిగా తిరగేశాను. ఆ రెండో ప్రయాణం ఆధారంగానే ఇది రాస్తున్నాను.

ముందు ఆ నేల స్వరూపం చెబుతాను. ఇన్యో విస్తీర్ణం పది వేల చదరపు మైళ్లకు పైనే. జనాభా పంతొమ్మిది వేలు. ప్రైవేటు భూమి రెండు శాతానికి లోపే. మిగిలినదంతా సమాఖ్య ప్రభుత్వానిది, రాష్ట్రానిది, లాస్ ఏంజెలెస్ నగరానిది, ఆదివాసీ తెగలది. పడమటి అంచున 14,505 అడుగుల మౌంట్ విట్నీ ఉంది. అలాస్కాను పక్కన పెడితే అమెరికా మొత్తంలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. తూర్పున, తొంభై మైళ్ల లోపు దూరంలో, సముద్ర మట్టానికి 282 అడుగుల దిగువన డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ ఉంది. ఉత్తర అమెరికాలో అదే అన్నిటికన్నా లోతట్టు చోటు. ఈ రెంటికీ మధ్య, సియెర్రా నెవాడా కొండల పాదాల దగ్గర, ఉత్తర దక్షిణాలుగా ఓవెన్స్ లోయ సాగుతుంది. 395వ నంబరు రహదారి ఈ లోయలోనే వెళ్తుంది. లోన్ పైన్, ఇండిపెండెన్స్, బిగ్ పైన్, బిషప్ అనే నాలుగు ఊళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా దానిమీదే ఉంటాయి. చాలామంది ఈ ఊళ్లలో పెట్రోలు పోయించుకుని వెళ్లిపోతారు. కౌంటీ చరిత్ర అంతా ఈ లోయలోనే ఉంది కనుక మీరు అలా చేయవద్దు.

ఆ చరిత్రకు మూలం నీరు. ఇక్కడి పయూట్ ప్రజలు ఈ లోయను పయాహూనాదూ అంటారు, ఎప్పుడూ నీరు పారే చోటు అని అర్థం. తెల్లవాళ్లు రాకముందే వాళ్లు కొండవాగుల నుంచి కాలువలు తవ్వి, మన తుంగ జాతికే చెందిన ఒక మొక్క గడ్డలను నీరు పెట్టి పెంచుకునేవారు. 1863లో సైనికులు వారిలో సుమారు వెయ్యి మందిని లోయ నుంచి బయటికి, దక్షిణాన ఉన్న ఫోర్ట్ టెహోన్‌కు నడిపించారు. తర్వాత వచ్చిన రైతులు పొలాలు, పండ్ల తోటలు వేసుకున్నారు. 1905 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం నీటి హక్కుల కోసం ఆ భూములను కొనడం మొదలుపెట్టింది. నగర నీటి శాఖ ఇంజనీరు విలియం మల్హాలండ్ ఆధ్వర్యంలో 233 మైళ్ల కాలువ తవ్వి 1913 నవంబరులో నీటిని నగరానికి మళ్లించింది. 1924లో రైతులు అలబామా గేట్ల దగ్గర కాలువను స్వాధీనం చేసుకుని నీళ్లను కొన్ని రోజులు పాత నదిలోకి వదిలారు. అయినా ఫలితం లేకపోయింది. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఎండిన సరస్సు అడుగు నుంచి లేచే ఉప్పు దుమ్ము దశాబ్దాలపాటు ఆ ఊళ్ల వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. దాన్ని అణచడానికి నగరం ఇప్పటిదాకా రెండు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. అందుకోసం కొంత భాగంలో పలచగా నీళ్లు నిలిపితే వలస పక్షులు తిరిగి వచ్చాయి. మీరు దక్షిణం నుంచి వస్తుంటే లోన్ పైన్‌కు కాస్త ముందు కుడివైపు తెల్లగా, అక్కడక్కడ మెరుస్తూ కనిపించేది అదే. రాయలసీమలో పుట్టిన మా నాన్నకు ఈ కథ చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఎండిన చెరువును చూసి ఊరి కథ చదవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇప్పుడు మంజనార్ సంగతి. లోన్ పైన్‌కు ఉత్తరాన తొమ్మిది పది మైళ్ల దూరంలో, రహదారికి ఎడమవైపు ఉంటుంది. పేరు స్పానిష్ మాట, ఆపిల్ తోట అని అర్థం. 1910లో అక్కడ నిజంగానే తోటల ఊరు వెలిసింది. నీటి హక్కులు నగరానికి పోయాక 1929 నాటికి ఖాళీ అయింది. అదే స్థలాన్ని 1942లో సైన్యం తీసుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో, పడమటి తీరంలోని జపనీస్ మూలాల కుటుంబాలను ఇళ్లనుంచి లేపి పది శిబిరాలలో బంధించారు. యుద్ధం ముగిసేలోగా అలా బందీలైనవారు సుమారు లక్షా ఇరవై వేల మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. ఎవరిమీదా నేరం మోపలేదు, విచారణ జరపలేదు. మంజనార్‌లో ఒక దశలో పది వేల మందికి పైగా ఉన్నారు. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు ఉన్న గదికి ఎనిమిది మంది. మరుగుదొడ్ల మధ్య అడ్డుగోడలు లేవు. చెక్కల సందుల్లోంచి దుమ్ము, చలి.

అంటే పయూట్‌లు, రైతులు, జపనీస్ అమెరికన్లు, నిలువ నీడ పోగొట్టుకున్న ఈ ముగ్గురి కథా ఒకే నేలమీద కలుస్తుంది. దీన్ని తెలుసుకుని ఆ నేలమీద నడవడానికే నేను మిమ్మల్ని కనీసం మూడు గంటలు కేటాయించమంటున్నాను.

శిబిరంలోని వాళ్లే 1944లో కట్టుకున్న పాఠశాల సభామందిరం ఇప్పుడు సందర్శకుల కేంద్రం. ప్రవేశ రుసుము లేదు. లోపల పై నుంచి కిందికి వేలాడే పెద్ద తెరమీద అక్కడ ఉన్నవారి పేర్లు పది వేలకు పైగా రాసి ఉంటాయి. మా అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఆ తెర ముందు ఇరవై నిమిషాలు నిలబడి, ఒకే ఇంటిపేరు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టింది. బయట తిరిగి నిర్మించిన బారకాసులు, భోజనశాల, కాపలా బురుజు ఉన్నాయి. నాన్నగారి మోకాళ్ల గురించి బెంగ వద్దు: శిబిరం చుట్టూ మూడు మైళ్లకు పైగా కారు దారి ఉంది, నంబర్లున్న చోట ఆపుకుంటూ వెళ్లవచ్చు. రెండు చోట్ల మాత్రం దిగి తీరాలి. ఒకటి, బందీలు తమ చేతులతో కట్టుకున్న ఉద్యానాలు. రాళ్లు పేర్చి, చిన్న వంతెనలు కట్టి, కొలనులు తవ్వుకున్నారు. దశాబ్దాల ఇసుక కింద పూడిపోయిన వాటిని తవ్వి బయటికి తీశారు. రెండోది పడమటి చివర శ్మశానం. అక్కడ 1943లో ర్యోజో కాడో అనే తాపీ మేస్త్రీ నిర్మాణంలో లేచిన తెల్లని స్తంభం ఉంది. దానిమీద జపనీస్ అక్షరాలలో ఆత్మలకు ఊరట కలిగించే గోపురం అని ఉంటుంది. వచ్చినవాళ్లు కాగితపు కొంగలు, నాణేలు అక్కడ పెట్టి వెళ్తారు. వెనక సియెర్రా గోడలా నిలబడి ఉంటుంది.

మా నాన్న ఆ స్తంభం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డారు. కాసేపటికి, శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోయిన తన అమ్మమ్మగారి ఊరి గురించి మాట్లాడారు. అంతకుముందు ఆయన ఆ ఊరి గురించి మాతో ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. రెండూ ఒకటి కావని నాకు తెలుసు. ఆనకట్ట కోసం ఊరు ఖాళీ చేయించడం వేరు, పుట్టుక చూసి ముళ్లకంచె వెనక పెట్టడం వేరు. కానీ ఇల్లు పోయినవాడి మౌనం ఆయనకు అర్థమైంది. పెద్దవాళ్లకు అక్కడ సమయం ఇవ్వండి, వాళ్లను తొందరపెట్టవద్దు. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న బాధితులకు తలా ఇరవై వేల డాలర్లు ఇచ్చిందని కూడా చెప్పండి, అప్పటికే చాలామంది చనిపోయారన్నదీ చెప్పండి. ప్రతి ఏప్రిల్‌లో, 1969 నుంచి, అక్కడికి యాత్రగా వచ్చే సంప్రదాయం కొనసాగుతోంది. సందర్శకుల కేంద్రం తెరిచే రోజులు మారుతుంటాయి, బయలుదేరే ముందు చూసుకోండి.

కాబట్టి మొదటి రోజు ఇలా చేయండి. లాస్ ఏంజెలెస్ నుంచి లోన్ పైన్ సుమారు 210 మైళ్లు, మూడున్నర నాలుగు గంటలు. ఉదయం ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చేరతారు. ఆ తర్వాతి సమయమంతా మంజనార్‌కే. రాత్రి లోన్ పైన్‌లో ఉండండి.

రెండో రోజు పొద్దున్నే చీకటితోనే లేచి అలబామా హిల్స్‌కు వెళ్లండి. ఊరికి పడమట పది నిమిషాల దూరం. సాయంత్రం వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. కొండల గోడ పడమటివైపు ఉంది కాబట్టి సాయంత్రం ముందే నీడ కమ్మేస్తుంది. ఉదయం మాత్రం తొలి ఎండ ముందు విట్నీ కొసను తాకి, ఎర్రగా కిందికి దిగుతూ, చివరికి మీ చుట్టూ ఉన్న గుండ్రటి బండలమీద వాలుతుంది. అక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి: ఎడమవైపు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది విట్నీ కాదు, లోన్ పైన్ శిఖరం. అది దగ్గరగా ఉండటంతో ఎత్తుగా అనిపిస్తుంది. దానికి కుడివైపు, వెనకగా, సూదుల్లాంటి రాళ్ల పక్కన ఉన్నది విట్నీ. ఈ గుండ్రటి బండలూ ఆ పదునైన శిఖరాలూ ఒకే రకం గ్రానైటు. నేలలోపల తడికి మూలలు అరిగినవి బండలయ్యాయి, మంచు చీల్చినవి శిఖరాలయ్యాయి. హైదరాబాదు చుట్టుపక్కల బండరాళ్లు చూసి పెరిగినవాళ్లకు ఆ చోటు ఎంతో తెలిసినట్టు ఉంటుంది. 1920 నుంచి అక్కడ సినిమాలు తీస్తున్నారు. బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు కథగా 1939లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రానికి ఈ బండలే మన దేశపు కొండలుగా నటించాయి. లోన్ పైన్‌లోని సినిమా మ్యూజియంలో ఆ వివరాలు ఉన్నాయి, అమ్మగారికి నచ్చుతాయి.

అలబామా హిల్స్ అన్న పేరు వెనక ఉన్నదీ తెలుసుకోదగ్గదే. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదిని అభిమానించిన గని కార్మికులు తమ వైపు యుద్ధనౌక అలబామా పేరు కొండలకు పెట్టారు. 1864లో ఆ నౌకను ఉత్తరాది నౌక కియర్‌సార్జ్ ముంచేసింది. ఇండిపెండెన్స్ వైపున్న ఉత్తరాది అభిమానులు వెంటనే తమ గనికి ఆ పేరు పెట్టుకున్నారు. తర్వాత ఒక శిఖరానికి, కనుమకు కూడా అదే పేరు వచ్చింది.

లోన్ పైన్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఊరు దాటగానే ఎడమవైపు చిన్న గట్టుమీద ఒక సమాధి స్థలం ఉంది. 1872 మార్చి 26 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో ఊళ్లోని మట్టి ఇటుకల ఇళ్లు దాదాపు అన్నీ కూలి 27 మంది చనిపోయారు. వారిలో చాలామందిని అక్కడ కలిపి పూడ్చారు. అయిదు నిమిషాలు ఆగండి.

విట్నీ ఎక్కే ఆలోచన ఉంటే ఈసారికి వదిలేయండి. రానుపోను 22 మైళ్లు, ఒక్కరోజులో వెళ్లి రావడానికి కూడా అనుమతి పత్రం కావాలి, దాన్ని లాటరీ ద్వారా ఇస్తారు, దరఖాస్తులు ఫిబ్రవరిలో తీసుకుంటారు. బదులుగా లోన్ పైన్ నుంచి పదమూడు మైళ్ల ఘాట్ రోడ్డులో విట్నీ పోర్టల్ దాకా కారులో వెళ్లవచ్చు. ఎనిమిది వేల అడుగులకు పైన పైన్ చెట్ల నీడ, పక్కనే దూకే వాగు. గంట చాలు.

ఆ తర్వాత బిగ్ పైన్ దాకా వెళ్లి, 168వ రోడ్డు మీదుగా తూర్పువైపు వైట్ మౌంటెన్స్ ఎక్కండి. మొత్తం ప్రయాణంలో నన్ను ఇప్పటికీ పిలిచే చోటు ఇదే. షుల్మన్ వనం పది వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి బ్రిస్టల్‌కోన్ పైన్ చెట్లు భూమిమీద అత్యంత వృద్ధ వృక్షాలలోవి. 1957లో ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త వాటిలో ఒక చెట్టు వలయాలు లెక్కపెట్టి దాని వయసు నాలుగు వేల ఆరు వందల ఏళ్లకు పైనే అని తేల్చారు. మెథూసెలా అని పేరు పెట్టిన ఆ చెట్టుకు ఇప్పుడు 4,800 ఏళ్లు దాటాయి. హరప్పా, మొహెంజొదారో మహానగరాలుగా ఎదగకముందే మొలిచిన మొక్క అది. ఏ చెట్టు మెథూసెలానో ఎవరికీ చెప్పరు, బోర్డు పెట్టరు. చెబితే దాన్ని బతకనివ్వరన్న భయం.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి ఉంది. ఈ చెట్లకు దీర్ఘాయువు ఇచ్చింది వసతి కాదు, కరువు. మిగతా మొక్కలు బతకలేని తెల్లని డోలమైట్ నేల, అతి తక్కువ నీరు, చలి, గాలి. చెట్టు ఎంత మెల్లగా పెరిగితే కలప అంత చిక్కగా, జిగురుతో నిండి ఉంటుంది, పురుగూ బూజూ తొలచలేవు. సూది ఆకులు నలభై ఏళ్ల దాకా రాలకుండా ఉంటాయి. చాలా చెట్లలో కాండం ముప్పాతిక వంతు ఎండిపోయి ఉంటుంది. ఒక పక్క సన్నటి బెరడు పట్టీ ఒక్కటే వేరు నుంచి కొమ్మకు ప్రాణం మోస్తుంటుంది. ఎండి పడిపోయిన మాను కూడా వేల ఏళ్లు కుళ్లకుండా ఉంటుంది. ఆ వలయాలతో పోల్చి చూసినప్పుడే పురావస్తువుల వయసు చెప్పే కార్బన్ లెక్కల్లో తేడా బయటపడింది, చరిత్రకారులు పాత తేదీలు సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

జాగ్రత్తలు చెబుతాను. మొదటిసారి మా అమ్మను లోన్ పైన్ నుంచి ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లి, దిగగానే నడిపించాను. అరగంటలో తలనొప్పి, వికారం. ఆరు వేల అడుగులు ఒక్క ఊపున ఎక్కడం పెద్దవాళ్లకు మంచిది కాదు. మధ్యలో రెండు చోట్ల ఆగండి, పైన ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, నీళ్లు బాగా తాగించండి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఏదైనా ఉంటే ముందు వైద్యుడిని అడగండి. మైలు పొడవున్న చిన్న దారి ఉంది, మొదట్లో కొంచెం ఎక్కుడు, మధ్యలో బల్లలు ఉంటాయి. నాన్నగారు మొదటి పావు మైలు నడిచినా వృద్ధ వృక్షాల మధ్యే ఉంటారు. పైన పెట్రోలు లేదు, తాగునీరు దొరకదు, ఫోను పనిచేయదు. బిగ్ పైన్‌లోనే అన్నీ నింపుకోండి. నవంబరులో మంచుకు దారి మూసేస్తారు, అక్టోబరు మొదటి వారం మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఆ రాత్రి బిషప్‌లో ఉండండి. నాలుగు ఊళ్లలో అదే పెద్దది, దుకాణాలు బాగుంటాయి. శాకాహారం గురించి అడిగారు: చిన్న ఊళ్లలో చీజ్, బీన్స్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. మేము వంటగది ఉన్న గది తీసుకుని, కుక్కర్, పప్పు, ఆవకాయ వెంట తీసుకెళ్తాం. పులిహోర మొదటి రెండు రోజులకూ పనికొస్తుంది.

మూడో రోజు తేలికగా గడపండి. మీ తేదీల అదృష్టం ఏమిటంటే, బిషప్ వాగు పైన సబ్రీనా సరస్సు, సౌత్ లేక్ వైపు ఆస్పెన్ చెట్లు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనే పసుపు రంగుకు తిరుగుతాయి. కారు దిగకుండానే చూడవచ్చు. కిందికి వచ్చాక బిషప్ పక్కనే లాస్ అనే పాత రైల్వే స్టేషన్ మ్యూజియంగా ఉంది. 1883లో కట్టిన స్టేషను, 1960 దాకా ఈ లోయలో నడిచిన చిన్న గేజి రైలు ఇంజను అక్కడే ఉన్నాయి. మన దగ్గర మీటరు గేజి బండ్లు ఎక్కిన తరం వాళ్లకు అక్కడ మాటలు చాలా దొరుకుతాయి. తిరిగి లోన్ పైన్ వచ్చేదారిలో ఇండిపెండెన్స్‌లో ఆగండి. వెయ్యి మంది కూడా లేని ఆ ఊరే కౌంటీ కేంద్రం. అక్కడి ఈస్టర్న్ కాలిఫోర్నియా మ్యూజియంలో పయూట్, షొషోన్ స్త్రీలు అల్లిన బుట్టలు ఉన్నాయి. నీళ్లు మోసేందుకు జిగురు పూసిన బుట్టలను అమ్మగారికి తప్పకుండా చూపించండి.

నాలుగో రోజు డెత్ వ్యాలీ. 1913 జులై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైన చోటు అది. అక్టోబరు మొదట్లో కూడా మధ్యాహ్నం వంద దాకా పోతుంది. అందుకే ఒక్క రోజు చాలంటున్నాను, అదీ ఉదయం ఐదింటికే లోన్ పైన్ విడిచి. 190వ రోడ్డు పానమింట్ లోయలోకి దిగి, టౌన్ కనుమ ఎక్కి, మళ్లీ దిగుతుంది. బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరులో దిగండి. ఎండ రాకముందు స్టోవ్‌పైప్ వెల్స్ దగ్గర ఇసుక తిన్నెలు, తర్వాత బోరాక్స్ (వెలిగారం) తయారుచేసిన హార్మనీ పనిచోటు. 1880లలో చైనా కూలీలు ఎండలో ఏరిన బోరాక్స్‌ను ఇరవై కంచర గాడిదలు, గుర్రాలు కలిసి లాగే బండ్లలో 165 మైళ్ల దూరంలోని మొహావీ రైలు దాకా తోలేవారు, ఆ బండి ఇంకా అక్కడ ఉంది. పదింటిలోగా బ్యాడ్‌వాటర్. తలెత్తి కొండవైపు చూస్తే సముద్ర మట్టం ఎక్కడుందో గుర్తు కనబడుతుంది. ఫర్నేస్ క్రీక్ పక్కన ఉన్న టింబిషా షొషోన్ గ్రామం చూడ్డానికి పెట్టిన చోటు కాదు, వాళ్ల ఇళ్లు. 2000లో చట్టం ద్వారా వాళ్ల భూమిలో కొంత భాగం తిరిగి వాళ్లకు దక్కింది. కెమెరాతో అటు వెళ్లవద్దు.

ఎండ ముదిరాక డాంటేస్ వ్యూకు ఎక్కండి. అయిదు వేల అడుగులకు పైన, కింది కన్నా ఇరవై ఫారన్‌హీట్ డిగ్రీలైనా చల్లగా ఉంటుంది. కారు ఆపిన చోటినుంచే మొత్తం ఉప్పు మైదానం కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది. జాబ్రిస్కీ పాయింట్ అనే మరో వ్యూపాయింటు దారిలోనే.

కదిలే రాళ్ల రేస్‌ట్రాక్ మైదానానికి వెళ్లవద్దు. 27 మైళ్ల కంకర దారి, కత్తుల్లాంటి రాళ్లు. నేను ఒకసారి అద్దె కారుతో వెళ్లి టైరు పోగొట్టుకున్నాను. డిక్కీలో ఉన్న అదనపు టైరులో గాలి లేదు, అయిదు గంటలు ఎవరైనా వస్తారా అని ఎదురుచూశాను. పెద్దవాళ్లతో ఆ ప్రమాదం వద్దు. మామూలు అద్దె ఒప్పందాలు మట్టిరోడ్లను అనుమతించవు కూడా.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాకుండా డెత్ వ్యాలీ జంక్షన్, షొషోన్, బేకర్ అనే ఊళ్ల మీదుగా పెట్టుకోండి. జంక్షన్‌లో కారు ఆపండి. 1967లో మార్తా బెకెట్ అనే న్యూయార్క్ నర్తకి టైరు పంక్చరై అక్కడ ఆగింది. బోరాక్స్ కంపెనీ వదిలేసిన సభామందిరాన్ని తలుపు కంతలోంచి చూసింది, నెలకు నలభై అయిదు డాలర్లకు అద్దెకు తీసుకుంది. మరుసటి ఏడు నుంచి 2012 దాకా అక్కడే నాట్యం చేసింది. మొదట్లో చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. అందుకని గోడల నిండా ప్రేక్షకులను, రాజును, రాణిని, సన్యాసినులను తానే చిత్రించుకుని, వాళ్ల ఎదుట ఆడింది. ఆమె 2017లో మరణించింది, ఆ బొమ్మలు ఉన్నాయి. లోపలికి ఎప్పుడు రానిస్తారో ముందుగా ఫోను చేసి కనుక్కోండి. షొషోన్‌లో ట్యాంకు నింపుకోండి, అక్కడి నుంచి బేకర్ దాకా యాభై అయిదు మైళ్లకు పైగా ఒక్క బంకు కూడా లేదు.